37 వేల డాలర్ల అల్ట్రాసౌండ్ కోర్సు, ఆ లోన్లు రద్దయ్యేదాకా: నా అనుభవం

కాలిఫోర్నియాలో ఒక ప్రైవేట్ కెరీర్ కాలేజ్‌లో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్ కోర్సు చేశాను, దాంతో ఉద్యోగం రాలేదు, తర్వాత ఆ లోన్లు రద్దు చేయించుకోడానికి నేనూ నాన్నా ఏళ్ల తరబడి తిరిగాం. ఇదంతా రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. ఎందుకంటే ఎంఎస్‌కి వచ్చేవాళ్లకి మనవాళ్లలో బోలెడు సలహాలు దొరుకుతాయి గానీ, మాలాగా ఎఫ్4 మీద, అంటే అమ్మ తోబుట్టువులో నాన్న తోబుట్టువులో స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డుతో దిగే కుటుంబాలకి చెప్పేవాళ్లు తక్కువ. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ లోన్, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పు, వస్తుంది, ఇక్కడి పద్ధతులు ఇంకా తెలీవు, త్వరగా ఏదో ఒక ఉద్యోగంలో పడాలి. ఈ కాలేజీలకి కావాల్సింది సరిగ్గా అలాంటివాళ్లే.

మా మామయ్య స్పాన్సర్ చేస్తే 2017లో వచ్చాం. నేను ఇంటర్ బైపీసీ. మెడికల్ లైన్‌లో ఏదైనా చెయ్యాలని ముందునుంచీ ఉంది. సోనోగ్రఫీ, అంటే అల్ట్రాసౌండ్ స్కాన్ తీసే పని, మంచి ఉద్యోగమని తెలిసి చూస్తే కమ్యూనిటీ కాలేజీల్లో (ఫీజు తక్కువుండే ప్రభుత్వ కాలేజీలు), ఫుట్‌హిల్ లాంటి చోట్ల, ఆ ప్రోగ్రామ్ ఉంది కానీ ముందు అనాటమీ, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టులు పూర్తి చెయ్యాలి, ఆ తర్వాత కూడా సీట్లు కొన్నే. ఆ వెతుకులాటలోనే ఏదో సైట్‌లో 'మీకు సరిపోయే కాలేజ్ తెలుసుకోండి' అని ఉంటే ఫోన్ నంబర్ ఇచ్చాను. అంతే, నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. అలాంటి సైట్లు మన నంబర్లని కాలేజీలకి అమ్ముతాయని చాలా తర్వాత తెలిసింది.

క్యాంపస్‌కి వెళ్తే అడ్మిషన్స్ అడ్వైజర్ అని ఒకావిడ కూర్చోబెట్టి చాలా సేపు మాట్లాడింది. కోర్సు గురించి తక్కువ, మా గురించి ఎక్కువ. నాన్న ఏం చేస్తారు, గంటకి ఎంత వస్తుంది, ఆ వయసులో నిలబడి పని చేస్తుంటే చూడ్డానికి ఎలా ఉంటుంది, ఇక్కడికి ఎందుకొచ్చారు, ఇంకో ఐదేళ్లు ఇలాగే ఉంటే ఎలా అని. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత మంచి మనిషి, మన బాధ అర్థం చేసుకుంది అనుకుంటూ బయటికొచ్చాను. తర్వాత ఎప్పుడో అమెరికా సెనేట్‌లో టామ్ హార్కిన్ కమిటీ 2012లో ఇచ్చిన రిపోర్ట్ గురించి చదివాను. ఐటీటీ టెక్ అనే పెద్ద ప్రైవేట్ కాలేజీల సంస్థ తన రిక్రూటర్లకి ఇచ్చిన ట్రైనింగ్ కాగితాలు అందులో ఉన్నాయి, దాని పేరే 'పెయిన్ ఫన్నెల్'. అవతలి మనిషి బాధ ఎక్కడుందో వెతికి, ఒక్కో ప్రశ్నతో లోపలికి దిగి, ఆ బాధలో ఉండగానే చేర్పించడం. మా కాలేజ్ అది కాదు, వేరే. కానీ ఆ ప్రశ్నల వరస చదువుతుంటే నన్ను అడిగినవే అక్కడ అచ్చేసినట్టున్నాయి. అదే రిపోర్ట్‌లో ఇంకో లెక్క ఉంది, వాళ్లు పరిశీలించిన, ఇలాంటి కాలేజీలు నడిపే 30 కంపెనీలు 2009లో తమ ఆదాయంలో 22.7 శాతం మార్కెటింగ్‌కీ విద్యార్థుల్ని చేర్చుకోడానికీ ఖర్చు పెట్టాయి, చదువు చెప్పడానికి పెట్టింది 17.2 శాతం. నాకు జరిగింది ఒక మనిషి మంచితనమో చెడ్డతనమో కాదు, అది వాళ్ల పని చేసే పద్ధతి అని అప్పుడు అర్థమైంది.

ఆవిడ చెప్పినవాటిలో మూడు మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. 'మా కాలేజ్ అక్రెడిటెడ్.' 'కోర్సు అవ్వగానే రిజిస్ట్రీ పరీక్ష రాయొచ్చు.' 'ఇక్కడి క్రెడిట్లతో తర్వాత డిగ్రీలో చేరొచ్చు.' వీటిలో మొదటిది నిజమే, అసలు చిక్కు అక్కడే ఉంది. అక్రెడిటేషన్ రెండు రకాలు. కాలేజ్ మొత్తానికి ఒకటి ఉంటుంది, అది ఉంటే ఫెడరల్ లోన్లు వస్తాయి. ప్రోగ్రామ్‌కి విడిగా ఇంకోటి ఉంటుంది, సోనోగ్రఫీకి అయితే సీఏఏహెచ్ఈపీ అనే సంస్థ ఇస్తుంది. హాస్పిటల్స్ అడిగేది ఏఆర్‌డీఎంఎస్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికేషన్, ఆవిడ చెప్పిన రిజిస్ట్రీ పరీక్ష దానిదే, ఆ పరీక్షకి కోర్సు అవ్వగానే కూర్చోవాలంటే ఆ ప్రోగ్రామ్‌కి సీఏఏహెచ్ఈపీ ఉండాలి. మా ప్రోగ్రామ్‌కి లేదు. 'అక్రెడిటెడా' అని అడిగితే 'అవును' అన్నారు, ఏది అక్రెడిటెడ్ అనేది చెప్పలేదు. అమెరికాకి కొత్తగా వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లకి అది అడగాలని ఎలా తెలుస్తుంది? తెలిసి చెప్పాల్సిన బాధ్యత, జీతం తీసుకుని ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లది.

సంతకాల రోజు అంతా హడావుడి. ఈ బ్యాచ్‌లో ఆఖరి సీట్లు, ఇవాళ అవ్వకపోతే మళ్లీ కొన్ని నెలలు ఆగాలి అన్నారు (క్లాసులు మొదలయ్యాక చూస్తే చాలా కుర్చీలు ఖాళీ). ఒక ట్యాబ్లెట్ ఇచ్చి, ఇక్కడ ఇనీషియల్స్, ఇక్కడ ఇనీషియల్స్ అంటూ వేలు చూపిస్తూ పోయారు. కాలిఫోర్నియాలో ఇలాంటి కాలేజీల మీద బీపీపీఈ అని ఒక రాష్ట్ర బ్యూరో ఉంది. దాని రూల్ ప్రకారం చేరేముందు స్కూల్ పెర్ఫార్మెన్స్ ఫ్యాక్ట్ షీట్ అనే కాగితం మనకి ఇచ్చి మన సంతకం తీసుకోవాలి, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతాలెంత అనేవి అందులో ఉంటాయి. అది నిజంగా మంచి రూల్. కానీ అది కూడా ఆ ట్యాబ్లెట్‌లోనే, మిగతా పేజీల మధ్యలో, వేలి కింద నుంచి వెళ్లిపోయింది.

ఫీజు 37,000 డాలర్లు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజ్‌లో ఒక యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్లు, అది పక్కన పెట్టుకుని చూడండి. మా 37,000లో సుమారు 9,000 పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం. నా పేరు మీద ఫెడరల్ లోన్లు మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500. అమ్మానాన్నల మీద ఆధారపడ్డ విద్యార్థులకి అంతకంటే ఇవ్వరు కాబట్టి ఇంకో 13,000 నాన్న పేరు మీద పేరెంట్ ప్లస్ లోన్ తీయించారు. మిగిలిన 3,000 కాలేజ్‌కే నెలనెలా కట్టేలా వాయిదాలు. పేరెంట్ ప్లస్ అంటే పిల్లల లోన్‌కి తండ్రి హామీ సంతకం అనుకుంటారు మనవాళ్లు, అది కాదు, ఆ అప్పు పూర్తిగా తండ్రిదే. నాన్నకి ఇంగ్లీషులో ఆ కాగితాలు చదివే అలవాటు లేదు. ఫైనాన్షియల్ ఎయిడ్ అతను 'మీ అమ్మాయికి ఉద్యోగం రాగానే తనే కట్టేస్తుంది' అన్నాడు, ఆ మాట తెలుగులోకి మార్చి నాన్నకి చెప్పింది నేనే. ఆ గదిలో నాన్న నమ్మింది ఆ ఒక్క మాటనే.

క్లాసుల గురించి ఎక్కువ రాయను. కొంతమంది టీచర్లు మంచివాళ్లే, పాపం వాళ్లూ ఎక్కువ కాలం ఉండేవాళ్లు కాదు. మెషిన్లు పాతవి, అందరికీ సరిపోయేవి కావు. ఎక్స్‌టర్న్‌షిప్ (బయట చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్) పెద్ద హాస్పిటల్లో అన్నారు, చివరికి ఒక చిన్న క్లినిక్‌లో వెనక నిలబడి చూడ్డం తప్ప ప్రోబ్, అంటే స్కాన్ చేసే పరికరం, చేతికి ఇచ్చింది తక్కువ.

2019 చివర్లో కోర్సు అయ్యింది, పరీక్షకి అప్లై చేద్దామని ఏఆర్‌డీఎంఎస్ రూల్స్ చూస్తే అక్కడ తెలిసింది విషయం. సీఏఏహెచ్ఈపీ లేని ప్రోగ్రామ్ నుంచి వస్తే 12 నెలలు ఫుల్ టైమ్ క్లినికల్ అనుభవం కావాలి. ఆ అనుభవం రావాలంటే ఎవరైనా ఉద్యోగం ఇవ్వాలి, ఉద్యోగం ఇచ్చేవాళ్లు ముందు సర్టిఫికేషన్ అడుగుతారు. నేను చూసిన ప్రతి హాస్పిటల్ ప్రకటనలో అదే ఉండేది. ఈ సంగతి మా కాలేజ్‌కి తెలియదా? ఏళ్ల తరబడి అదే కోర్సు నడుపుతున్నవాళ్లకి, అంతమంది పిల్లలు వెనక్కొచ్చి అడిగినవాళ్లకి తెలియదంటే నేను నమ్మను.

ఇప్పుడు ప్లేస్‌మెంట్ శాతం సంగతి, నేను అందరికీ చెప్పాలనుకునేది ఇదే. కోర్సు అవుతుండగా కెరీర్ సర్వీసెస్ వాళ్లు తెగ ఫోన్లు చేసేవాళ్లు, ఉద్యోగం చూపించడానికి అనుకున్నాం, కాదు, సంతకాల కోసం. డెలివరీకి దగ్గర్లో ఉన్న నా క్లాస్‌మేట్‌తో ఆరోగ్య కారణాల వల్ల ఉద్యోగానికి అందుబాటులో లేనని రాయించుకున్నారు. ఇంకో అబ్బాయి ఏదో కమ్యూనిటీ కాలేజ్ క్లాసులో పేరు రాయించుకుంటే పైచదువు కింద వేశారు. ఎందుకో తర్వాత లెక్క చూస్తే తెలిసింది. ఫ్యాక్ట్ షీట్‌లో ఉద్యోగాల శాతం అంటే చేరినవాళ్లలో ఎంతమందికి అని కాదు, పూర్తి చేసి 'ఉద్యోగానికి అందుబాటులో ఉన్న' వాళ్లలో ఎంతమందికి అని. ఉదాహరణకి 60 మంది చేరారనుకోండి, 40 మంది పూర్తి చేశారు, అందులో 15 మందిని ఏదో ఒక కారణంతో పక్కన పెట్టారు, మిగిలిన 25లో 20 మందికి ఏదో ఒక పని ఉంది. బోర్డు మీద 80 శాతం. చేరినవాళ్ల లెక్కన చూస్తే మూడో వంతు. పైన ఉన్న 20 పెంచడం కష్టం, అందుకే కింద ఉన్న 25ని చిన్నది చేస్తారు. ఆ 20లో కూడా ఏ పని అనేది ఎవరు చూస్తారు?

ఇది నా ఊహ కాదు, ప్రభుత్వాలు పట్టుకున్నవే ఉన్నాయి. ఇలాంటి కాలేజీలు నడిపిన కొరింథియన్ కంపెనీకి చెందిన హీల్డ్ కాలేజ్ మీద ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ 2015 ఏప్రిల్‌లో దాదాపు 3 కోట్ల డాలర్ల ఫైన్ వేసింది, ఉద్యోగాల శాతాలు తప్పుగా చూపించినందుకు. 2011లో అకౌంటింగ్ పూర్తి చేసిన ఒకరికి ఆ రంగంలో ఉద్యోగం వచ్చినట్టు రాశారు, ఆ ఉద్యోగం ఏంటంటే 2006 నుంచీ చేస్తున్న టాకో బెల్ పని. న్యూయార్క్‌లో కెరీర్ ఎడ్యుకేషన్ కార్పొరేషన్ అనే ఇలాంటి ఇంకో కంపెనీ ఒక్కరోజు హెల్త్ ఫెయిర్‌లో పనిచేసినవాళ్లని కూడా ఉద్యోగం వచ్చినట్టు లెక్కేసిందని అటార్నీ జనరల్ తేల్చితే, 2013లో కోటి రెండున్నర లక్షల డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఒక్కరోజు! ఆ శాతం చూసి ఎంతమంది ఇల్లు గడవని పరిస్థితిలో సంతకం పెట్టి ఉంటారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

నా సంగతి కూడా అలాగే తేలింది. ఫెర్పా అనే చట్టం ప్రకారం మన రికార్డులు చూసే హక్కు మనకి ఉంది, అడిగిన 45 రోజుల్లో చూపించాలి. రాతపూర్వకంగా అడిగాను, అంటే ఈమెయిల్ కూడా, రిజిస్టర్డ్ పోస్ట్ కూడా. వచ్చిన ఫైల్లో నా పేరు ఎదురుగా 'చదివిన రంగంలో ఉద్యోగం' అని ఉంది. నేను అప్పుడు చేస్తున్నది ఒక డెంటల్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్, వారానికి కొన్ని గంటలు. ఆ కాగితం చూసి అమ్మ ఏమీ అనలేదు, నాన్న మాత్రం 'ఇది దాచు' అన్నారు. ఎవరికైనా ముందు చెప్పేది అదే నేను, ఇంకేం చెయ్యకముందే మీ ఫైల్ తెప్పించుకోండి. కాలేజ్ మూతపడితే ఆ కాగితాలు దొరకడం ఇంకా కష్టం.

క్రెడిట్ల సంగతి క్లుప్తంగా: కమ్యూనిటీ కాలేజ్ వాళ్లు ఒక్కటి కూడా తీసుకోలేదు. ఎన్‌రోల్‌మెంట్ అగ్రిమెంట్ తిరగేస్తే 'క్రెడిట్లు తీసుకోవడం పూర్తిగా అవతలి కాలేజ్ ఇష్టం' అని చట్టం పెట్టమన్న నోటీసు అందులో ఉంది. నోటితో ఒకటి చెప్తారు, కాగితం మీద ఇంకోటి ఉంటుంది.

లోన్ రద్దుకి దారి 'బారోవర్ డిఫెన్స్'. కాలేజ్ తప్పుదారి పట్టించి చేర్పిస్తే ఫెడరల్ లోన్ రద్దు చెయ్యమని అడిగే హక్కు అన్నమాట. స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో మన లాగిన్‌తో అప్లికేషన్, పూర్తిగా ఉచితం. మధ్యలో 'మేం మాఫీ చేయిస్తాం, ముందు ఇంత కట్టండి' అని ఫోన్లు వస్తాయి, మాకు తెగ వచ్చాయి. ఫోన్ చేసి అమ్మే అలాంటి కంపెనీలు పని చెయ్యకముందే ఫీజు తీసుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం, పెట్టెయ్యండి ఫోన్. ఫామ్‌లో ఉద్యోగావకాశాల గురించి ఏం చెప్పారు, క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ గురించి ఏం చెప్పారు, చేరమని తొందరపెట్టారా, ఇలా విడివిడి భాగాలుంటాయి. చివర్లో అబద్ధమైతే శిక్షకి ఒప్పుకుంటానని సంతకం. లోన్ కట్టడం ఆపమంటారా అని కూడా అడుగుతారు, అది ఆపినా మామూలుగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మేం 2021లో పెట్టాం, అప్పటికి కోవిడ్ వల్ల ఫెడరల్ లోన్లకి వాయిదాలూ వడ్డీ రెండూ ఆగి ఉన్నాయి కాబట్టి కొంత ఊపిరి ఆడింది.

ఇక్కడ చాలామందికి తెలియనిది, పేరెంట్ ప్లస్ ఉంటే దానికి తల్లో తండ్రో విడిగా అప్లై చెయ్యాలి. నాది ఒప్పుకుంటే నాన్నది దానంతట అదే పోదు. నాన్న లాగిన్‌తో కూర్చుని ఆయనకి ఏం చెప్పారో ఆయన మాటల్లోనే అడిగి రాశాను. ఆరోజు ఆ గదిలో ఎవరు ఎటు కూర్చున్నారో కూడా ఆయనకి గుర్తుంది.

తర్వాత నిశ్శబ్దం. ఈ అప్లికేషన్లు ఏళ్ల తరబడి తేల్చకుండా ఉంచినందుకు కొందరు విద్యార్థులు 2019లోనే కోర్టుకి వెళ్లారు, స్వీట్ వర్సెస్ కార్డోనా అని పేరు, 2022 నవంబర్‌లో కోర్టు సెటిల్‌మెంట్‌ని ఖాయం చేసింది. 2022 జూన్ 22 లోపు అప్లై చేసినవాళ్లందరూ అందులోకి వస్తారు, జాబితాలో ఉన్న దాదాపు 150 కాలేజీలవాళ్లకి నేరుగా రద్దు, మిగతావాళ్లకి గడువులోపు నిర్ణయం. మా కాలేజ్ జాబితాలో లేదు, 2021లో పెట్టినవాళ్ల గడువు 2025 జులై 28. ఆ తేదీకి ముందే నాకు ఉత్తరం వచ్చింది, 'సరిచేసి మళ్లీ పంపండి' అని, దానికి ఆరు నెలల టైమ్. చదివి ఆరోజు అన్నం సయించలేదు. కానీ అది తిరస్కరణ కాదు. మోసం చేశారు, చదువు బాలేదు, ఉద్యోగం రాలేదు అంటే వాళ్లకి సరిపోదు. ఎవరు, సుమారుగా ఎప్పుడు, ఏ మాట అన్నారు, అది ఎందుకు నిజం కాదు, ఆ మాట లేకపోతే నేను చేరేదాన్నా, అది కావాలి.

రెండోసారి అలాగే రాశాను. 'కోర్సు అవ్వగానే రిజిస్ట్రీ పరీక్ష రాయొచ్చని ఫలానా నెలలో క్యాంపస్‌లో అడ్మిషన్స్ అడ్వైజర్ చెప్పింది', కింద ఆ నెల నాకు ఆవిడ పంపిన టెక్స్ట్ మెసేజ్, దాని కింద సీఏఏహెచ్ఈపీ జాబితాలో మా ప్రోగ్రామ్ లేదని చూపించే పేజీ, దాని కింద ఏఆర్‌డీఎంఎస్ రూల్. ప్లేస్‌మెంట్‌కి ఫ్యాక్ట్ షీట్, పక్కన నా ఫైల్లో ఉన్న అబద్ధపు రాత, పక్కన డెంటల్ ఆఫీసు పే స్టబ్ (జీతం చీటీ). ఒక్క మాటకి ఒక్క రుజువు. 2025 చివర్లో నా లోన్లు రద్దు చేస్తున్నామని వచ్చింది, నాన్నది ఇంకొన్ని వారాలకి. మేం ఫెడరల్ లోన్‌కి కట్టిన కొద్దో గొప్పో డబ్బు వెనక్కి ఇస్తామని, క్రెడిట్ రిపోర్ట్‌లోంచి ఆ అకౌంట్లు తీసేయిస్తామని కూడా రాశారు. నాన్న ఆ ఉత్తరం నాతో మూడు నాలుగుసార్లు చదివించుకున్నారు, ప్రతిసారీ ఆ పదమూడు వేల అంకె దగ్గర ఆగి.

బారోవర్ డిఫెన్స్ ఫెడరల్ లోన్లకే. కాలేజ్‌కి నేరుగా కట్టాల్సిన వాయిదాలు, ప్రైవేట్ లోన్లు దాని కిందకి రావు. నా 3,000లో మిగిలింది అప్పులు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీకి అమ్మేశారు. దానికి బీపీపీఈలో విడిగా కంప్లైంట్ పెట్టాను, అక్కడే విద్యార్థులకి సాయం చేసే ఒక ఆఫీస్ కూడా ఉంది, వాళ్లు ఓపిగ్గా మాట్లాడారు. ఏజెన్సీకి ఆ అప్పు మేం ఒప్పుకోవట్లేదని, రుజువు పంపమని రాతపూర్వకంగా అడిగాం. అప్పటినుంచి ఫోన్లు ఆగాయి, కంప్లైంట్ మాత్రం ఇంకా నడుస్తోంది. అదే కాలేజ్‌లో చదివిన మనవాళ్లు ఇంకొందరు కలిశారు, వాళ్ల ఫైళ్లు తెప్పించే పనిలో ఉన్నాం, అందులో ఇద్దరికి పేరెంట్ ప్లస్ ఉందన్న సంగతే ఇంట్లో తెలీదు.